ఉన్న ఇంటికి హరిత మరమ్మతు

కాపురమున్న ఇంటిని కూల్చకుండా, ఎండ వేడి లోపలికి తక్కువగా దిగేలా, కరెంటు, నీళ్ల వాడకం తగ్గేలా, కొత్త సామగ్రి వీలైనంత తక్కువ పట్టేలా బాగుచేసుకోవడాన్ని హరిత పునరుద్ధరణ అంటారు. పర్యావరణహిత గృహం అనగానే కొత్తగా కట్టే భవనమే చాలామందికి తోస్తుంది. ఇప్పటికే నిలబడి ఉన్న కోట్ల ఇళ్లు మరో ముప్పై నలభై ఏళ్లు మనుషులకు నీడనివ్వాలి. వాటిని బాగుచేయకుండా కొత్తవాటిని మాత్రమే పచ్చగా కడితే సమస్యలో పెద్ద భాగం అలాగే మిగిలిపోతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇళ్లను, వాటిలోనూ గడచిన యాభై ఏళ్లలో ఊరూరా లేచిన స్లాబు డాబాలను దృష్టిలో పెట్టుకున్నది.

ఈ పనిలో వరస ముఖ్యం. ముందు ఎండను ఆపాలి, తర్వాత గాలిని రానివ్వాలి, ఆ తర్వాత తక్కువ కరెంటు తినే సామాను, చివరగా సోలార్. ఆచరణలో ఈ వరస తిరగబడుతోంది. కాలుతున్న స్లాబు కింద ఏసీ బిగించి, దాని బిల్లు భరించలేక సోలార్ పలకలు పెట్టించుకునేవాళ్లే ఎక్కువ. స్లాబుకు ముందు నీడో తెల్లపూతో వస్తే ఏసీ చిన్నదైనా సరిపోయేది, కొన్ని ఇళ్లలో అసలు అక్కరే ఉండేది కాదు.

కూల్చకపోవడంలో ఉన్న లాభం

ఇల్లు వాడుకునే కరెంటు లెక్క మీటరులో కనిపిస్తుంది. ఇల్లు కట్టడానికి పట్టిన శక్తి ఎక్కడా కనిపించదు. సిమెంటు తయారీలో సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి తగలబెట్టే బొగ్గు నుంచి వచ్చే పొగ ఒక ఎత్తు. సున్నపురాయి విడిపోయేటప్పుడు దానిలోంచే వెలువడే కార్బన్ డయాక్సైడ్ అంతకన్నా ఎక్కువ. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమదే. ఇనుము, ఇటుకల బట్టీలు దానికి అదనం. పాత ఇంటి పునాదులు, స్తంభాలు, గోడలు గట్టిగా ఉన్నప్పుడు వాటిని నిలబెట్టుకుంటే ఆ కాలుష్యమంతా మళ్లీ పుట్టకుండా ఆపినట్లే.

కూల్చిన ఇంటి శిథిలాలు సాధారణంగా చెరువు గట్టుకో నాలాలోకో చేరతాయి. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణకు కేంద్రం 2016లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో శిథిలాలను నలగ్గొట్టి ఇసుక, కంకర, ఫుట్‌పాత్ బిళ్లలుగా మార్చే కేంద్రాలు పనిచేస్తున్నాయి. చిన్న పట్టణాలకు ఆ సౌకర్యం ఇంకా అందలేదు. అక్కడ యజమాని స్వయంగా చేయగలిగింది కొంత ఉంది: పాత టేకు తలుపులు, కిటికీలు, దూలాలు, కడప బండలు, షాబాద్ బండలు, బంగళా పెంకులు పగలకుండా విడదీయించి మళ్లీ వాడుకోవడం. వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురంలో పాత ఇళ్ల తలుపులు, కిటికీలు, పెంకులు, ఇటుకలతో ఎన్నో అందమైన ఇళ్లు కట్టి, వాడిన సామగ్రి చిన్నతనం కాదని చూపించాడు.

కొత్తగా ఏదైనా గోడ కట్టక తప్పనప్పుడు బూడిద ఇటుకలు మంచివి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల బూడిద వీటికి ముడిసరకు. పొలాల పైమట్టి తవ్వనక్కర్లేదు, బట్టీలో కాల్చనక్కర్లేదు.

వేడి వచ్చే దారి

తెలుగు నేల సుమారు 12.6 నుంచి 19.9 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. ఏప్రిల్ చివరి వారం మొదలు మే మూడో వారం లోపు, ఊరిని బట్టి ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో ఎండ దెబ్బ ఎక్కువగా తినేది పైకప్పు. తర్వాత తూర్పు, పడమర గోడలు. దక్షిణపు గోడ మీద నడివేసవిలో ఎండ నేరుగా దాదాపు పడదు. వేసవి కోసం డబ్బు ఖర్చు పెట్టే ఇంట్లో మొదటి రూపాయి పైకప్పు మీద, రెండోది పడమటి గోడ మీద పెట్టాలని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఆధారం అక్కర్లేదు.

ఇక్కడే చలిదేశాల సలహాలతో మనకు పేచీ వస్తుంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో పూర్తయిన తొలి పాసివ్ హౌస్ తరహా ఇళ్లు లోపలి వెచ్చదనం బయటికి పోకుండా సందులన్నీ బిగించి కడతారు. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం అటకకు దట్టంగా దూది పరిపించి, కిటికీలకు రెండు పొరల అద్దాలు పెట్టిస్తే అది అక్కడి చలికి సరైన పనే. అదే కిటుకు మచిలీపట్నంలో ఏసీ లేని ఇంటికి చేస్తే ఉక్కపోతకు తలుపు తీసినట్లవుతుంది. మన దగ్గర ఎండకు అడ్డుండాలి, గాలికి అడ్డు ఉండకూడదు.

స్లాబు స్వభావం ఇంకొక చిక్కు. కాంక్రీటు పగలంతా వేడి తాగి కొన్ని గంటల ఆలస్యంగా గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో రాత్రి పదకొండింటికి కూడా ఫ్యాను వేడిగాలి కొట్టేది అందుకే. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ అనగానే ఎండలో తిరిగినవాళ్లనే తలుచుకుంటాం. రాత్రి కూడా చల్లబడని గదిలో ఒంటికి విశ్రాంతి దొరకకపోవడం వృద్ధులకు, పసిపిల్లలకు, పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన కూలీలకు ప్రాణాంతకమే. రేకుల ఇళ్లవాళ్ల విషయంలో ఈ మరమ్మతు సౌఖ్యం కోసం కాదు, ప్రాణరక్షణ కోసం.

పైకప్పు

ఏ పూతకైనా ముందు చేయాల్సింది చెమ్మ ఆపడం. కారుతున్న స్లాబు మీద వేసిన పూత పొరలుగా లేచిపోతుంది, లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలతాయి. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లో ఉప్పుగాలి ఆ తుప్పును మరింత త్వరపెడుతుంది. పగుళ్లు పూడ్చి, పిట్టగోడ మొదట్లో మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటు దిద్ది, వాననీరు నిలవకుండా వాలు సరిచేసిన తర్వాతే చలువ మాట.

నల్లబడిన కాంక్రీటు తన మీద పడిన ఎండలో దాదాపు మూడొంతులు తనలోకి తీసుకుంటుంది. మంచి తెల్లపూత కొత్తలో అంత భాగాన్నీ తిప్పి పంపేస్తుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి హైదరాబాద్ ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద కొలిచి చూశారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13 నుంచి 14 యూనిట్లు, నల్లటి కప్పుకు వేస్తే 20 నుంచి 22 యూనిట్లు ఆదా అయ్యాయి. నగరంలోనే దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేద ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచినప్పుడు, పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. చెవికి రెండంటే చిన్న సంఖ్య. ఏసీ కొనలేని ఇంట్లో రాత్రి నిద్రకు అది చిన్నది కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చలువ పైకప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చలువ కప్పుగా మార్చాలని దాని లక్ష్యం. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. వేడికి ఎక్కువగా అల్లాడేది చిన్న ఇళ్లే కాబట్టి వాటికి పూత ఖర్చు అందించే ఏర్పాటు లేకపోతే ఈ విధానం చేరాల్సిన చోటికి చేరినట్లు కాదు.

పద్ధతుల్లో అన్నిటికన్నా చవక సున్నం. మేస్త్రీలు చిక్కటి సున్నపు నీళ్లలో ఫెవికాల్ కలిపి వేస్తారు. ఒకటి రెండు వానాకాలాలకు కొట్టుకుపోతుంది, మళ్లీ వేసుకోవాలి. అక్రిలిక్ చలువ రంగులు కొన్నేళ్లు నిలుస్తాయి. అయితే దుమ్ము పేరుకుంటే ఏ తెల్లపూత చలువైనా పడిపోతుంది, వేసవి ముందు కప్పు కడుక్కోవాలి. విరిగిన తెల్ల పింగాణీ పలకల ముక్కలు పరిచే పద్ధతి పది కాలాలపాటు ఉంటుంది, డాబా మీద మనుషులు తిరిగినా చెడదు. దాని కింద వేసే సిమెంటు, దాని బరువు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ఉష్ణనిరోధక పొర వేడి నడకను మందగింపజేస్తుంది. రెండూ ఒకటి కావు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, కొత్త ఇళ్ల కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదంటుంది. పైన ఏ పొరా లేని మామూలు స్లాబు గుండా అంతకు రెట్టింపుకు మించి దిగుతుంది. ఆ పొర స్లాబు పైన ఉండాలి. కింద ఫాల్స్ సీలింగ్ కడితే గదికి కొంత ఊరట దొరుకుతుంది గానీ, స్లాబు మాత్రం ఎండకు ఎండుతూనే, పగుళ్లు తీస్తూనే ఉంటుంది. నురుగు పలకలు, నురుగు కాంక్రీటు, బోర్లించిన మట్టికుండల పైన వేసే సిమెంటు పొర, ఇటుక ముక్కలు సున్నంతో కలిపి దట్టించే పాతకాలపు పద్ధతి, వీటిలో ఏదైనా స్లాబు బలాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

మిద్దెతోట మరో దారి. రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి వంటివారి కృషితో ఈ మాట ఇప్పుడు ఇంటింటి మాట. మొక్కల నీడ, ఆకులు వదిలే తేమ కప్పును చల్లబరుస్తాయి, కూరగాయలు అదనం. ప్రమాదమంతా బరువులో ఉంది. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కగట్టే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తడిసిన మట్టి ఒక అడుగు లోతున పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. అందుకే డాబా అంతా మట్టి పోయకూడదు. తేలికపాటి కొబ్బరి పీచు పొట్టు కలిపిన మడులను దూలాల మీదుగా, గోడల అంచుల వెంట పెట్టుకోవాలి, కింద నీళ్లు ఆగకుండా కాళ్ల మీద ఎత్తి ఉంచాలి. పాత స్లాబైతే ముందు ఇంజనీరుకు చూపించాలి.

ఇవేవీ చేయలేని ఇంటికి చలువ పందిరి ఉంది. డాబా మీద తాటాకు పందిరికి, పచ్చటి నీడ వలకు పెద్ద ఖర్చు కాదు. కప్పు మీద ఎండే పడకపోతే దాన్ని తిప్పికొట్టే అవసరమే రాదు.

గోడలు, కిటికీలు, గాలి

కిటికీ తెర చేసే వేడి నివారణ తక్కువ. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర మీద పడి అక్కడే వేడిగా మారుతుంది. అడ్డు అద్దానికి బయట ఉండాలి: వెడల్పాటి చజ్జా, వెదురు తడిక, చెక్క రెక్కల తలుపు. పడమటి ఎండ సాయంత్రం కిందికి వాలి వస్తుంది కాబట్టి పైనున్న చజ్జా దాన్ని ఆపలేదు. అటువైపు నిలువు తడిక కావాలి, లేదా గోడకు దూరంగా వేప, కానుగ వంటి చెట్టు. మట్టిగోడల కాలంలో వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లి గుమ్మానికి కట్టేవారు. గాలి పొడిగా ఉండే రెంటచింతల, రామగుండం వైపు ఆ సూత్రం ఇప్పటికీ కూలర్ల రూపంలో బాగా పనిచేస్తుంది. తేమ నిండిన తీరప్రాంతంలో కూలరు గదిని ఇంకా జిగటగా మారుస్తుంది తప్ప చల్లబరచదు.

ఎకో నివాస్ సంహిత గాలి కోసం తెరుచుకునే కిటికీల వైశాల్యానికి కూడా కొలత పెట్టింది. గది నేల వైశాల్యంలో తేమ ప్రాంతాల్లో 16.66 శాతం, మిశ్రమ వాతావరణంలో 12.5 శాతం. హైదరాబాద్ రెండో కోవలోకి, విశాఖ మొదటి దానిలోకి వస్తాయి. జారుడు అద్దాల కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. పాత రెక్కల కిటికీలు తీసేసి వాటి స్థానంలో జారుడువి పెట్టించడం ఈ మధ్య మరమ్మతుల్లో సర్వసాధారణమైంది. చూపుకు బాగుండవచ్చు, ఇంటి గాలి మాత్రం సగానికి పడిపోతుంది. పాత రెక్కలకు దోమల వల బిగించుకోవడం అన్ని విధాలా మేలు. ఎత్తున ఉన్న వెంటిలేటర్లను ఏసీ కోసం మూసేసిన ఇళ్లలో వాటిని మళ్లీ తెరిస్తే, పైకి చేరిన వేడిగాలి రాత్రిళ్లు బయటికి పోతుంది.

పాతకాలపు ఇళ్ల విషయం

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు, రాయలసీమ చవుడు మిద్దెలు, డంగుసున్నంతో కట్టిన పాత మేడలు వేరే జాగ్రత్త కోరతాయి. వాటి గోడలు చెమ్మను పీల్చుకుని మెల్లగా బయటికి వదులుతాయి. అలాంటి గోడకు సిమెంటు పూత, దానిపై ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని గోడను కుళ్లబెడుతుంది, ఉప్పు పూసి పూత రాలిపోతుంది. సున్నపు గోడకు మరమ్మతు సున్నంతోనే జరగాలి. మండువా మీద పారదర్శకపు రేకు కప్పేసే అలవాటు మరింత నష్టం: ఇంటి నడుమ నుంచి వేడిగాలి పైకి పోయే దారి మూసుకుపోయి, పైగా ఎండ లోపలికి దిగి నిలిచిపోతుంది. వానకు అడ్డు కావాలంటే కప్పును కాస్త ఎత్తున, చుట్టూ గాలి ఆడేలా నిలబెట్టాలి. చవుడు మట్టి కప్పు ఏటా కొత్త మట్టి అడుగుతుంది. దాన్ని తీసేసి స్లాబు పోయించుకున్న కుటుంబాలు ఆ చాకిరీ నుంచి బయటపడ్డాయి, కానీ ఆ గదుల చల్లదనం పోయింది.

రేకులు, రంగుల్లో దాగిన విషం

మరమ్మతు చేయడమే ప్రమాదంగా మారే సందర్భాలు రెండున్నాయి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. తెల్ల ఆస్‌బెస్టాస్ గనులు ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే ఉండేవి. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. కదిలించని రేకుతో ముప్పు తక్కువ. కోసినా, తొలిచినా, విరగ్గొట్టినా, పొడిగా రుద్దినా సన్నని నార గాలిలోకి లేస్తుంది. వాటిని నీళ్లతో తడిపి, మేకులు ఊడదీసి, రేకు విరగకుండా దించాలి. పనివాళ్లకు మంచి మాస్కులివ్వడం యజమాని బాధ్యత, వాళ్లు అడిగినా అడగకపోయినా.

రెండోది సీసం. గృహావసర రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, కిటికీ ఊచల మీద మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువ ఉండే అవకాశముంది. వాటిని పొడిగా గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడి చేసి గీకాలి, పని సాగినన్నాళ్లు పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ ఇంట్లో ఉంచకూడదు.

కరెంటు

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తింటే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 28 నుంచి 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఏడాదిలో తొమ్మిది నెలలు రాత్రింబవళ్లు ఫ్యాను తిరిగే మన ఇళ్లలో ఇంత సులువుగా పొదుపు చేసే మార్పు మరొకటి లేదు. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోవడం మేలు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. ఏసీలో వాడే వాయువును కూడా అడిగి తెలుసుకోవాలి. భూమిని వేడెక్కించే గుణం ఆర్-410ఏకి కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లకు పైగా, ఆర్-32కి 675 రెట్లు ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక సోలార్. ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో దానికి 18,000 రూపాయలు, మొత్తం మీద 78,000 రూపాయలకు మించకుండా రాయితీ ఇస్తుంది. పలకలు దక్షిణ ముఖంగా, అక్షాంశానికి దగ్గరగా పదిహేను డిగ్రీల వాలులో ఉంటే చాలు. స్లాబుకు వాటి నీడ కూడా లాభమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊపేసిన తీరు చూసినవాళ్లకు చట్రం బిగింపు గురించి వేరే చెప్పనక్కర్లేదు. తీరప్రాంతంలో రాయితీ కన్నా ముందు ఆ బోల్టుల గురించే అడగాలి.

నీళ్లు

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడే హైదరాబాద్‌లో వంద చదరపు మీటర్ల డాబా, ఆవిరి, ఒలికింపు పోను, సుమారు 64,000 లీటర్లు ఇస్తుంది. 550 మిల్లీమీటర్లే పడే అనంతపురంలో కూడా 44,000 లీటర్లు. అంటే పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు మూడున్నరకు పైనే. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం వాననీటి సంరక్షణకు చట్టబలం ఇచ్చింది. ఇంకుడు గుంతలు ఊళ్లలో తవ్వారు గానీ, చాలావాటిలో పూడిక తీసేవాళ్లు లేక అవి రెండు మూడేళ్లకే నిండిపోయాయి. ఏటా వానలకు ముందు పై పొర ఇసుక, కంకర తీసి కడిగి వేయకపోతే గుంత ఉండీ లేనట్లే. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు, అక్కడ తొట్టిలో దాచుకోవడమే మెరుగు. వడపోత లేకుండా డాబా నీళ్లను నేరుగా బోరులోకి వదలడం మాత్రం ఎక్కడా చేయకూడదు. పక్షుల రెట్టలు, మురికి నేరుగా భూగర్భ జలంలో కలుస్తాయి. తొలి వాన నీటిని వేరుగా వదిలేసే గొట్టం పెట్టుకోవాలి.

ఇంటి లోపల పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు పైగా ఖర్చు చేస్తే, రెండు మీటలది మూడు లేదా ఆరు లీటర్లతో పని ముగిస్తుంది. స్నానాల గది, బట్టలుతికిన నీటిని మరుగుదొడ్డి గొట్టంలో కలపకుండా విడదీస్తే, మెట్టతామర, అరటి మడిలోకి పారించవచ్చు. బాత్రూము బండలు మార్చే సందర్భం వచ్చినప్పుడే ఈ గొట్టాలు విడదీయించుకోవాలి. ఒకసారి బండలు పరిచాక మళ్లీ పగలగొట్టడం ఎవరికీ ఇష్టముండదు.

అపార్ట్‌మెంట్లు, అద్దె ఇళ్లు

అపార్ట్‌మెంట్‌లో కప్పు అందరిదీ, వేడి పై అంతస్తు వాళ్లది. తెల్లపూత ఖర్చు సంఘం ఖాతాలోంచి రావడమే న్యాయం. నీటి మోటారు, లిఫ్టు, మెట్ల దీపాల కరెంటును ఉమ్మడి సోలార్‌తో సరిపెట్టుకోవడం కూడా సంఘం తలచుకుంటేనే అవుతుంది. అద్దెకున్నవాళ్లు ఫ్యాన్లు, వెదురు తడికలు, కుళాయిలకు నీటి ధారను తగ్గించే జల్లెడలు వంటి, వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోగలిగినవి ఎంచుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే భారత హరిత భవన మండలి ఇళ్లకు ధ్రువపత్రాలు ఇస్తుంది. పెద్ద సముదాయాలకు అది ఉపయోగపడుతుంది గానీ, రెండు గదుల ఇంటికి ఆ రుసుము బదులు ఆ డబ్బుతో కప్పుకు పూత వేయించుకోవడమే తెలివైన పని.

పనుల కాలం కూడా ముందే చూసుకోవాలి. చెమ్మ మరమ్మతు వానలు వెళ్లాక, స్లాబు పూర్తిగా ఆరిన తర్వాత మొదలుపెట్టాలి. తెల్లపూత శివరాత్రి నాటికి అయిపోవాలి. మేలో వేయిస్తే నీళ్ల పూత కాలే స్లాబు మీద ఆరీ ఆరకముందే పొడిలా లేచిపోతుంది, పైన పనిచేసే మనిషికి వడదెబ్బ తగులుతుంది. ఇంకుడు గుంత పూడిక, డాబా గొట్టాల శుభ్రం మృగశిర కార్తె లోగా ముగించాలి.